మాటలొచ్చేదాకా

మా ఇంట్లో ఒక కథ ఉంది. అమెరికాలో, ట్రాయ్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళెవరూ అది వినకుండా బయటపడలేదు. ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు మా అమ్మాయి బడిలో ఎనిమిది నెలలు పెదవి విప్పలేదని, తమ్ముడు పుట్టిన మూడోరోజు ఉన్నట్టుండి మాట్లాడేసిందని, అదంతా వాడి వేళావిశేషమని చెబుతాను. చెప్పగా చెప్పగా ఎక్కడ ఆగితే ఆంటీలు "అయ్యో" అంటారో, ఎక్కడ అంకుల్స్ నవ్వుతారో కూడా తెలిసిపోయింది. మావారు సరిగ్గా ఆ టైముకి కాఫీ పెడతానని వంటింట్లోకి పోతారు. ఆయనా ఎన్నిసార్లని వింటారు, పాపం.

పోయిన చలికాలం ఒక శనివారం మధ్యాహ్నం ఆ కథ చెప్పే అర్హత నాకు లేదని తేలింది. అదేమిటో చెప్పాలంటే ముందు జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఈసారి ఎవరినీ నవ్వించాలని చూడను.

మావారు కార్ల సీట్లు డిజైన్ చేసే ఇంజనీరు. హైదరాబాద్ ఆఫీసు నుంచి రెండేళ్ళ పనిమీద ఫ్రాన్స్ పంపారు, ఆ రెండేళ్ళు నాలుగయ్యాయి. ఫ్రాన్స్ అనగానే మా చెల్లెలు సెంటుసీసాల లిస్టు పంపింది. మేము దిగింది మాత్రం తూర్పు వైపున ఒక చిన్న ఊళ్ళో. ఒక ఫ్యాక్టరీ, ఒక చర్చి, రెండు రొట్టెల దుకాణాలు, అన్నీ ఎత్తుపల్లాల వీధులు. ఆదివారం, సోమవారం అంతా మూత. మా ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. హైదరాబాద్‌లో బ్యాంకు కౌంటర్లో కూర్చుని రోజుకి వందమందితో మాట్లాడి, అవసరమైతే పోట్లాడి బతికినదాన్ని. అక్కడికి వెళ్ళాక రోజు మొత్తానికి నమస్కారానికి నాలుగు బోంజూర్లు, థాంక్సుకి రెండు మెర్సీలు. మిగిలిపోయిన మాటలన్నీ ఇంట్లో మా అమ్మాయి మీద గుమ్మరించేదాన్ని. అదీ తక్కువది కాదు, ఒకటి అంటే పది అనేది. దాన్ని చూసి ఇంటికొచ్చినవాళ్ళు వసపిట్ట అనేవాళ్ళు.

మూడేళ్ళు నిండగానే అక్కడ బడికి పంపాలి. పొద్దున ఎనిమిదిన్నరకి వదలడం, పదకొండున్నరకి భోజనం విరామం, మళ్ళీ ఒకటిన్నర నుంచి నాలుగున్నర దాకా. మధ్యాహ్నం పిల్లలు బడిలోనే తినొచ్చు, ఆ భోజనాల గదిని కాంతీన్ అంటారు. లేదా ఇంటికి తీసుకెళ్ళి పెట్టుకోవచ్చు. మూడేళ్ళ పిల్లలు చిన్న చిన్న కుర్చీల్లో కూర్చుని, మెడకి గుడ్డ కట్టుకుని, ఫోర్కుతో బఠాణీలు పొడుచుకుని తింటుంటే తలుపు దగ్గరే నిలబడి చూశాను. మా పిల్ల అప్పటిదాకా తన చేత్తో ఇడ్లీ ముక్క కూడా తుంచుకున్నది కాదు. మన ఇళ్ళల్లో అయిదేళ్ళ పిల్లకి తల్లి తినిపించడం వింతేమీ కాదు కదా. కాంతీన్‌లో మాంసం పెడతారని సాకు చెప్పాను. వద్దంటే మాంసం లేకుండా పెట్టే ఏర్పాటు ఉందని వాళ్ళు కాగితం చూపించారు. అప్పుడు పిల్లకి అలర్జీ అన్నాను. దేనికి అలర్జీ అని అడిగారు. నాకు ఫ్రెంచ్ రాదన్నట్టు నవ్వేశాను, ఆ నవ్వు అక్కడ నాకు చాలాసార్లు పనికొచ్చింది.

మొదటిరోజు మధ్యాహ్నం గేటు తీయగానే బయటకొచ్చిన పిల్ల ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన చారలు. చెప్పుల బదులు బడివాళ్ళ మెత్తటి బూట్లు వేసుకుని ఉంది, నన్ను చూసి కూడా ఏడవలేదు, వచ్చి కాలు పట్టుకుంది. ఇంటికి తీసుకొచ్చి, ముద్దపప్పూ నెయ్యీ కలిపి, కిటికీ పక్కన కూర్చోబెట్టి తినిపించాను. ఇది అమ్మమ్మ ముద్ద, ఇది నానమ్మ ముద్ద, ఇది బాబాయి ముద్ద. చుట్టాలు అయిపోయాక కింది ఇంటావిడ ముద్ద కూడా తినిపించాను. తింటూ తింటూ మధ్యలో అడిగింది.

"అమ్మా, రేపు కూడా నువ్వే తినిపిస్తావా?"

"నీకు ఇక్కడి మాటలొచ్చేదాకా నేనే తినిపిస్తాను బంగారం. మాటలొచ్చాక నువ్వు పెద్దపిల్లవైపోతావు కదా, అప్పుడు అందరితో కలిసి కాంతీన్‌లో తిందువుగాని."

బుద్ధిగా తల ఊపింది. ఆ తర్వాత రోజూ ఆఖరి ముద్ద పెట్టేటప్పుడు ఈ మాట అనడం నాకు అలవాటైంది. ధైర్యం చెబుతున్నాననుకున్నాను, పైగా కాస్త ఆశ కూడా పెడుతున్నాననుకున్నాను.

బడికి పన్నెండు నిమిషాల నడక. పొద్దున దింపి రావడం, మధ్యాహ్నం తెచ్చి మళ్ళీ దింపడం, సాయంత్రం తేవడం. ఆ మూడంతస్తులూ రోజుకి నాలుగుసార్లు ఎక్కేదాన్ని. అక్టోబరుకల్లా కడుపుతో ఉన్నానని తెలిసింది. మావారు కాంతీన్ గురించి ఒకసారి కదిపి చూశారు. "పిల్లని పరాయి చోట ఒక్కదాన్నే వదిలి ఫోర్కుతో పొడుచుకోమంటారా?" అని నేను లేచిన తీరుకి మళ్ళీ ఎత్తలేదు.

డిసెంబరులో టీచరు కబురు పెట్టింది. చిన్న వయసు అమ్మాయి, పొట్టి జుట్టు, మోకాళ్ళ మీద ఎప్పుడూ రంగుల మరకలు. నన్నూ పిల్లల కుర్చీలోనే కూర్చోబెట్టింది. నాలుగో నెల కడుపుతో అందులో కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఒక ఎత్తు. ఇద్దరి మధ్యా నా ఫోను బల్ల మీద పెట్టుకున్నాం, ఆమె మాట్లాడితే అది ఇంగ్లీషులో రాసేది. మీ అమ్మాయి సెప్టెంబరు నుంచి ఇక్కడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు అంది. ఫ్రెంచ్ రాకపోవడం సంగతి కాదు, అది మాకు మామూలే. ఈ పాప ఏ భాషలోనూ ఏమీ అనదు. పడి మోకాలు చెక్కుకుపోయినా అరవదు. దాహం వేసినా అడగదు. ఇంట్లో మాట్లాడుతుందా?

నేను నవ్వాను. ముందురోజే తీసిన వీడియో చూపించాను. అందులో మా అమ్మాయి దిండుని ఒళ్ళో పెట్టుకుని, నువ్వు అల్లరి చేస్తే నాన్నకి చెబుతానని, నీకు పాలు ఇవ్వనని, నాలుగు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా తిడుతోంది. టీచరు ఆ వీడియో రెండుసార్లు చూసింది. భాష తెలియకపోయినా ఆ తిట్లకి నవ్వింది కూడా. ఆ తర్వాత నెమ్మదిగా ఒక మాట అంది, ఫోను అది ఇలా రాసింది. "అయితే ఈ పాపకి చేతకాక కాదు. ఇష్టం లేక."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడేళ్ళ పసిపిల్లకి ఇష్టం లేకపోవడం ఏమిటి? పిల్ల భయపడుతోంటే మొండిదంటారా? ఆమె ఇంకా చెప్పింది. వేసవి సెలవుల్లోపు మాట్లాడకపోతే పట్నంలో నిపుణుల దగ్గరికి పరీక్షలకి పంపాలి, వాళ్ళు చెప్పేదాన్నిబట్టి వేరే రకం బడికి మార్చాల్సి రావచ్చు. కోపంగా చెప్పలేదు, నా చెయ్యి పట్టుకునే చెప్పింది. ఆ చెయ్యి విదిలించుకుని వచ్చేశాను.

దారి పొడుగునా తెలుగులో ఆమెను ఏమేమి అన్నానో ఇక్కడ రాయను. ఇంటికొచ్చాక మాత్రం కూలబడి ఏడ్చాను. ఉద్యోగం మానుకుని, అందరినీ వదులుకుని, ఈ ఊరుకాని ఊళ్ళో పిల్ల నోరు పోగొట్టడానికి వచ్చామా అనిపించింది.

"మాట్లాడ్తది తియ్యి," అన్నారు మావారు. ఆయనది కరీంనగర్. "నీ బిడ్డ కాదా, ఎన్నొద్దులు ఊకుంటది?"

మా అమ్మ ఫోన్లో ఇంకా ఆశ్చర్యపోయింది. "అదేంటే, పుట్టినప్పుడు వస పోశాం కదా! మీ అమ్మమ్మ స్వయంగా అరగదీసి నాలిక్కి రాసింది. కొంచెం ఎక్కువైందేమో అని కూడా అనుకున్నాం." అంతటితో ఆగలేదు, ఒక వసకొమ్ము పార్సెల్లో పంపింది. దాన్ని అరగదీసి తేనెలో కలిపి పెట్టాను. పిల్ల ఇంట్లో ఇంకొంచెం ఎక్కువ మాట్లాడింది, బడిలో మాత్రం అదే వరస. సైకిల్ కొంటామన్నాం. బడిలో ఒక్క బోంజూర్ చెబితే చాలన్నాం. మా ఇద్దరి ముఖాలూ చూసి, "నాకు సైకిల్ వద్దులే," అంది.

కింది ఇంటావిడ గురించి చెప్పాలి. డెబ్భై దాటిన మనిషి, నలభై ఏళ్ళు దర్జీ దుకాణంలో పనిచేసి మానేసింది, ఒంటరిగా ఉండేది. మెట్లమీద ఎప్పుడు కనిపించినా వంగి మా పిల్లకి బోంజూర్ చెప్పేది. పిల్ల నోరు తెరిచేలోపు నేనే చెప్పేసేదాన్ని. పేరడిగితే నేనే చెప్పేదాన్ని, వయసడిగితే నేనే వేళ్ళు చూపించేదాన్ని. బిడ్డని అడిగితే తల్లి చెప్పడం మనకి మర్యాదే కదా. ఒకరోజు ఆవిడ వేలెత్తి నన్ను ఆగమంది. పిల్ల ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేనూ నిలబడ్డాను. సంచిలో పాలసీసాల బరువు, కడుపులో వాడి తన్నులు, నిశ్శబ్దం. అర నిమిషం ఓర్చుకున్నానేమో, ఇక నావల్ల కాలేదు. "బోంజూర్, బోంజూర్!" అని రెండుసార్లు చెప్పి పిల్లని లాక్కుని పైకి పోయాను. ఆవిడ వెనక నవ్వడం వినిపించింది.

మే నెలలో నాకు ఆపరేషన్ చేసి బిడ్డని తీయాలన్నారు. ఆసుపత్రిలో అయిదు రోజులు ఉండాలి. మావారు పొద్దునా సాయంత్రం చూసుకోగలరు, మధ్యాహ్నం ఎలా? అడక్కుండానే కింది ఇంటావిడ ముందుకొచ్చింది. పిల్లని బడి నుంచి తెస్తాను, నా ఇంట్లో తింటుంది అంది. అయిదు డబ్బాల్లో పప్పన్నం సర్ది ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టాను. ఎలా కలపాలో, ముద్ద ఎంత ఉండాలో, బొటనవేలితో నోట్లోకి ఎలా తొయ్యాలో ఆవిడ వంటింట్లో నిలబడి చేసి చూపించాను. చాలా శ్రద్ధగా చూసింది. అంతా అయ్యాక, "పాపకి చేతులున్నాయి కదా," అంది. ఆ మాత్రం ఫ్రెంచ్ నాకు అప్పటికి వచ్చు. ఒళ్ళు మండింది, కానీ అవసరం నాది.

మొదటిరోజు మా పిల్ల ఆవిడ బల్ల దగ్గర కూర్చుని నోరు తెరిచిందట, అంతే. గువ్వపిల్లలా నోరు తెరిచి కూర్చుందని ఆవిడ తర్వాత చాలాసార్లు చెప్పింది. ఎదురుగా పళ్ళెంలో పప్పన్నం, పక్కన చెంచా. ఆవిడ తన సూపు తాను తాగుతూ కూర్చుంది, తినిపించలేదు. పిల్ల ఏమీ తినకుండానే మళ్ళీ బడికి వెళ్ళింది. రెండోరోజు నాలుగు చెంచాలు తానే తిన్నది, నోరు మాత్రం విప్పలేదు.

ఆ సాయంత్రమే మావారు దాన్ని ఆసుపత్రికి తీసుకొచ్చారు. తలుపు దగ్గరే నిలబడిపోయింది. నా ఒక చేతికి సెలైన్, ఇంకో చేతిలో పాలు తాగుతున్న వాడు.

"రా తల్లీ, తమ్ముణ్ణి చూడు," అన్నాను.

వాణ్ణి చూసింది. తర్వాత నా చేతులు చూసింది, ముందు ఇది, తర్వాత అది.

"నీ చెయ్యి ఎప్పుడు వస్తుంది?" అంది.

నాకు సరిగ్గా అర్థం కాలేదు. సూది సంగతి అనుకున్నాను. "ఇప్పుడప్పుడే అమ్మకి చేతులు ఖాళీ ఉండవు తల్లీ. నువ్వు పెద్దదానివయ్యావు కదా," అన్నాను. మళ్ళీ అదే బుద్ధిగా తల ఊపింది. దగ్గరికి మాత్రం రాలేదు. సిగ్గుపడుతోందని నవ్వుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ బల్ల దగ్గర, చెంచా కింద పెట్టి, ఆవిడ వైపు తిరిగి, "నాకు కొంచెం రొట్టె ఇవ్వండి, దయచేసి," అందట. ముక్కలు ముక్కలుగా కాదు, పూర్తి వాక్యం, దయచేసితో సహా, పక్కా ఆ ఊరి యాసలో. ఆవిడ చేతిలో గ్లాసు జారి బల్ల తడిసింది. ఆ మధ్యాహ్నమే బడిలో టీచరు చెయ్యి పట్టి లాగి, నాకు తమ్ముడు పుట్టాడు, వాడికి పళ్ళు లేవు అని చెప్పిందట. టీచరు మావారి ఆఫీసుకి ఫోన్ చేసి ఏడుస్తోంటే ఆయన ఏదో ప్రమాదం జరిగిందనుకుని కుర్చీలోంచి లేచిపోయారు.

ఆయన ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చి చెప్పినప్పుడు కుట్లు లాగేస్తున్నా పడీ పడీ నవ్వాను, ఆ తర్వాత ఏడ్చాను. ఇండియాకి ఫోన్లు. "చూశావా, వీడి అడుగు! వాడి వేళావిశేషం, అక్క నోరు తెరిపించాడు!" అని మా అమ్మ పొంగిపోయింది. ఆ మాట నేనూ పట్టుకున్నాను. తమ్ముడొచ్చిన సంతోషం పట్టలేక మాట పొంగింది, అంతకంటే మంచి కారణం ఎవరికి కావాలి?

పచ్చి బాలింతని, మెట్లు ఎక్కకూడదన్నారు. ఆ వారం నుంచే పిల్లని కాంతీన్‌కి మార్చాం. పిల్ల పేచీ పెట్టలేదు. ఉన్నమాట చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. మధ్యాహ్నం వాడు నిద్రపోతే నేనూ కాసేపు కళ్ళు మూసుకునేదాన్ని. పరీక్షలు, వేరే రకం బడి, ఆ కాగితాలన్నీ టీచరే చింపేసింది. వేసవికల్లా మా అమ్మాయి మందుల షాపులో నా తరఫున మాట్లాడేది. ఎవరైనా నన్ను ఏమైనా అడిగితే నేను నోరు తెరిచేలోపు అదే జవాబు చెప్పేది. కింది ఇంటావిడని మామీ అనడం మొదలుపెట్టింది, అంటే వాళ్ళ భాషలో మామ్మ.

మూడేళ్ళ తర్వాత మావారికి అమెరికాలో పని పడింది, ట్రాయ్ వచ్చాం. ఇక్కడ ఇంగ్లీషుకి దానికి ఆరు వారాలు పట్టింది. మొదటిరోజే లంచ్ డబ్బా తానే సర్దుకుంది. ఫ్రెంచ్ మాత్రం వేసవి ఎండకి నీటిచుక్కలా ఇగిరిపోయింది. కొత్త సంవత్సరానికి మామీ వీడియో కాల్ చేస్తే మూడు వాక్యాలు మాట్లాడి, ఆ పైన నవ్వుతూ కూర్చుంటుంది. ఆవిడ కూడా తొందరపెట్టదు, అలవాటే కదా.

ఇప్పుడు దానికి పదకొండేళ్ళు. పళ్ళకి బ్రేసెస్, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్స్, గది తలుపు ఎప్పుడూ దగ్గరికేసి ఉంటుంది. తినడానికి పిలిస్తే, "పైకి తీసుకెళ్తా," అంటుంది. వాడికి ఏడు. పోయిన అక్టోబరులో మా అత్తమ్మ ఆరు నెలలుందామని కరీంనగర్ నుంచి వచ్చారు. వచ్చిన మర్నాటి నుంచీ వాడికి తినిపించడం పెట్టుకున్నారు. వాడు టాబ్లెట్ చూస్తూ నోరు తెరుస్తాడు, ఆవిడ పెడతారు.

ఆ శనివారం మధ్యాహ్నం బయట మంచు కురుస్తోంది. అత్తమ్మ వంటింట్లో బల్ల దగ్గర వాడికి తినిపిస్తున్నారు.

"ఇంగో బుక్క, గీ ఒక్కటే బుక్క, నా బంగారి."

"అత్తమ్మా, వాడికి ఏడేళ్ళు. స్కూల్నుంచి లంచ్ డబ్బా నిండుగా తిరిగొస్తోంది. మీరు అలవాటు చేస్తే వాడింక చేత్తో తినడు."

"నేనున్నన్ని రోజులే కదనే. తినిపిస్తే ఏమైతది?"

ఏమవుతుందో చెప్పడానికి నా దగ్గర ఆయుధం సిద్ధంగా ఉంది. ఆ కథ మొదటినుంచీ ఎత్తుకున్నాను. కిటికీ పక్కన ముద్దలు, టీచరు, వసకొమ్ము, కింది ఇంటావిడ పట్టుదల. "తినిపించినన్నాళ్ళూ ఆ పిల్ల మూగదానిలా ఉండిపోయింది, తినిపించడం మానగానే మాట వచ్చింది," అని ఈసారి నీతి కూడా కలిపాను. "ఇంకా వీడి వేళావిశేషం కూడా కలిసొచ్చిందనుకోండి," అని వాడి తల నిమిరాను.

అమ్మాయి జ్యూస్ కోసం కిందికి వచ్చి ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో చూసుకోలేదు.

"అమ్మా, యాక్చువల్లీ అలా జరగలేదు," అంది.

"ఎలా జరగలేదు?"

"నువ్వే కదా చెప్పావ్, మాటలు వస్తే ఇంక తినిపించను, కాంతీన్ అని. ఎవ్రీ డే చెప్పేదానివి. సో నేను మాట్లాడలేదు."

ఫ్రిజ్ తలుపు మూసి గ్లాసు కోసం వెతికింది.

"నాకు వచ్చు అప్పటికే, ఫ్రెంచ్. అంతా అర్థమయ్యేది. జస్ట్ చెప్పలేదు. చెబితే నువ్వు ఆపేస్తావు కదా అని."

"మరి తమ్ముడు పుట్టాక..." అన్నాను.

"వీడు వచ్చాక నీ చేతులు ఖాళీ ఉండవు అన్నావ్ కదా, హాస్పిటల్‌లో." జ్యూస్ పోసుకుంది. "సో ఇంక మాట్లాడినా ఏం కాదు అనుకున్నా. ఎలాగూ నువ్వు తినిపించవు."

అంత మామూలుగా చెప్పింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. నా ముఖం చూసిందేమో, "ఇట్స్ ఓకే అమ్మా, నాకప్పుడు ఫోరే కదా," అని, గ్లాసు పట్టుకుని వెళ్ళి కిటికీ దగ్గర మంచు చూస్తూ నిలబడింది.

"ఏమంటున్నది బిడ్డ?" అని అడిగారు అత్తమ్మ.

సిగ్గేసింది. చేతకాక కాదు, ఇష్టం లేక అన్న ఆ టీచరు మాట ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చి నా వంటింట్లో కూర్చుంది. ఆమెకి తెలిసింది, మెట్లమీద వేలెత్తిన ముసలావిడకి సగం తెలిసింది, కన్నతల్లిని నాకు తెలియలేదు. దాహం వేసినా, మోకాలు చెక్కుకుపోయినా, సైకిల్ ఇస్తామన్నా, ఆ పసిది ఎనిమిది నెలలు పెదవి బిగించి కాపాడుకున్నది నా చేతి ముద్దని. దాన్ని నేను భయం అన్నాను. అది ఓడిపోయి ఆశ వదులుకున్న రోజుని పండగ చేసి, ఫోన్లు చేసి, ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరికీ విస్తట్లో వడ్డించాను. అదీ పక్కగదిలో వింటుండగానే.

అత్తమ్మ వాడికి తినిపించడం అయిపోయి చెయ్యి కడుక్కోవడానికి లేచారు. వాడు టాబ్లెట్ పట్టుకుని పోయాడు. నేను ఒక పళ్ళెం తీశాను. అన్నం ఇంకా వేడిగానే ఉంది. ముద్దపప్పు వేసి, నెయ్యి వేసి, ఆవకాయ ముక్క పక్కకి తీసి పిండి మాత్రం కలిపాను. చాలా ఏళ్ళైంది కదా, ముద్ద ఎంత చెయ్యాలో తెలియలేదు. దాని నోరు ఇప్పుడు ఎంత ఉంటుందో నాకు తెలియదు.

కిటికీ దగ్గరికి వెళ్ళి, ఏమీ అనకుండా ముద్ద పట్టుకుని నిలబడ్డాను. ముద్ద వైపు చూసింది, వెనక్కి తిరిగి తమ్ముడు లేడని చూసుకుంది.

"అమ్మా, నాకు బ్రేసెస్," అంది.

"మెత్తగానే కలిపాను."

"ఫోటో తీయొద్దు."

"నా చెయ్యి ఖాళీ లేదు కదే," అన్నాను.

నవ్వలేదు. గ్లాసు కిటికీ గట్టుమీద పెట్టింది, హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది, నోరు తెరిచింది. ఇది అమ్మమ్మ ముద్ద అనబోయి ఆగిపోయాను. బయట మంచు కురుస్తూనే ఉంది. ఒకటి, రెండు, మూడు, అది వద్దనలేదు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడించలేదు.